కొండముచ్చు: ఒక జాతా, అనేక జాతులా?

1. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• జీవశాస్త్రంలో 'జాతి', 'ఉపజాతి' అనే మాటల అర్థాన్ని ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• కొండముచ్చును కొందరు ఒకే జాతిగా, మరికొందరు అనేక జాతులుగా ఎందుకు లెక్కించారో వివరించగలుగుతారు.
• ఉత్తరాది, దక్షిణాది కొండముచ్చులను తోకను బట్టి, తలవెంట్రుకలను బట్టి గుర్తించగలుగుతారు.
• వర్గీకరణకు, వన్యప్రాణుల రక్షణకు ఉన్న సంబంధాన్ని తెలుసుకుంటారు.

2. పరిచయం

జంషెడ్‌పూర్‌లో ఉండే తెలుగువారికి దల్మా కొండ కొత్త కాదు. ఊరు దాటి, సువర్ణరేఖ నది దాటి వెళితే సాలవృక్షాలతో నిండిన ఆ కొండ వరస కనిపిస్తుంది. ఏనుగులకు పేరుపొందిన దల్మా వన్యప్రాణి అభయారణ్యం అక్కడే ఉంది. దాని విస్తీర్ణం సుమారు 193 చదరపు కిలోమీటర్లు. కొండ ఎక్కే దారిలో నల్లని ముఖం, బూడిదరంగు ఒళ్లు, మనిషి చేయి కంటే పొడవైన తోక ఉన్న జంతువును మీలో చాలామంది చూసే ఉంటారు. హిందీ మాట్లాడేవారు దానిని 'లంగూర్' అంటారు. తెలుగులో కొండముచ్చు అంటాం. కొన్నిచోట్ల కొండెంగ అని కూడా అంటారు.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. వాళ్లు బిష్టుపూర్‌లోనో కదమాలోనో ఉంటారు. దల్మాలో కొండముచ్చులను చాలాసార్లు చూశారు. మొక్కు తీర్చుకోవడానికి రైలెక్కి, ఒడిశా మీదుగా, కోస్తా అంతా దాటి తిరుపతి వెళ్లారు. శేషాచలం అడవి అంచున వారికి మళ్లీ కొండముచ్చులు కనిపించాయి. అదే నల్లని ముఖం, అదే పొడవైన తోక. 'ఇవీ మన దల్మావే' అన్నారు పెద్దలు. వారి పదేళ్ల పిల్ల మాత్రం 'కాదు, వీటి తోక వేరుగా ఉంది' అంది.

ఆ పిల్ల చెప్పినది నిజమే. దల్మాలోని కొండముచ్చు నాలుగు కాళ్లమీద నడిచేటప్పుడు తోకను వీపుమీదుగా తలవైపు వంచుకుంటుంది. శేషాచలంలోని కొండముచ్చు తోకను వెనకవైపుకు వంచి వదిలేస్తుంది. తేడా ఉంది, సరే. కాని ఈ తేడా ఎంత పెద్దది? రెండూ ఒకే జాతి జంతువులేనా, లేక రెండు వేరు వేరు జాతులా? రెండు వందల ఏళ్లకు పైగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు రకరకాల జవాబులు చెప్పారు. ఆ జవాబులేమిటో, అవి ఎందుకు మారాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

3. కొండముచ్చు: కొన్ని ముఖ్య విషయాలు

కొండముచ్చు క్షీరదం. అంటే పిల్లలకు పాలిచ్చి పెంచే జంతువు. కోతులు, మనుషులు ఉన్న 'ప్రైమేట్లు' అనే క్రమానికి చెందినది. అయితే కొండముచ్చుకు, మామూలు కోతికి ముఖ్యమైన తేడాలున్నాయి.

మామూలు కోతికి బుగ్గలలో సంచులుంటాయి. దొరికిన తిండిని గబగబా అందులో కుక్కుకొని, తర్వాత తీరిగ్గా నములుతుంది. కొండముచ్చుకు ఈ సంచులు లేవు. దాని ప్రత్యేకత అంతా జీర్ణాశయంలో ఉంది. కొండముచ్చు జీర్ణాశయంలో కొన్ని గదులుంటాయి. వాటిలో సూక్ష్మజీవులు ఉండి, ఆకులను పులియబెట్టి, వాటిలోని పీచుపదార్థాన్ని విడగొడతాయి. ఆవు పొట్టలో జరిగే పనిని ఇది గుర్తుకు తెస్తుంది. అందుకే ఇతర కోతులు తినలేని ముదురు ఆకులను కూడా కొండముచ్చు తిని బతుకుతుంది. పళ్లు, పువ్వులు, మొగ్గలు, గింజలు కూడా తింటుంది.

కొండముచ్చులు గుంపులుగా జీవిస్తాయి. కొన్ని గుంపులలో పెద్ద మగది ఒకటే ఉంటుంది. కొన్నింటిలో ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. తల్లి సుమారు ఆరున్నర నెలలు గర్భం మోస్తుంది. పుట్టిన పిల్ల నల్లగా ఉంటుంది, పెరిగేకొద్దీ రంగు తేలిపోతుంది. అడవిలో చాలాచోట్ల కొండముచ్చులున్న చెట్ల కింద చుక్కల దుప్పులు మేస్తాయి. పైనుంచి రాలిన ఆకులు, పళ్లు దుప్పులకు దొరుకుతాయి. పులినో చిరుతనో చూస్తే కొండముచ్చు చెట్టుమీది నుంచి హెచ్చరికగా అరుస్తుంది. ఆ అరుపు విని దుప్పులు జాగ్రత్తపడతాయి.

'ముచ్చు' అనే పాత తెలుగు మాటకు దొంగ అని అర్థం. పొలాలమీద పడే జంతువుకు ఆ పేరు రావడంలో వింత లేదు. అదే జంతువును మన ప్రజలు హనుమంతుని రూపంగా భావించి మొక్కుతారు. లంకను కాల్చినప్పుడు ముఖం, చేతులు నల్లబడ్డాయని చెప్పుకుంటారు. ఈ గౌరవం వల్లనే ఊళ్లలో, గుళ్లలో కొండముచ్చులు మనుషుల మధ్య బతకగలిగాయి.

4. జాతి అంటే ఏమిటి?

'ఒకేలాగ కనిపించేవన్నీ ఒక జాతి' అని మనం సాధారణంగా అనుకుంటాం. ఇది పూర్తిగా సరైనది కాదు. ఒక ఉదాహరణ చూడండి. జంషెడ్‌పూర్‌లో కనిపించే ఎర్రముఖం కోతిని మనం 'కోతి' అంటాం. రాయలసీమలో కనిపించే దానినీ 'కోతి' అనే అంటాం. జీవశాస్త్రం ప్రకారం ఇవి రెండు వేరు జాతులు. మొదటిది రీసస్ కోతి. దాని తోక పొట్టిగా ఉంటుంది. రెండవది దక్షిణాది కోతి. దాని తోక పొడవుగా ఉంటుంది, నడినెత్తిన వెంట్రుకలు టోపీలాగ పరచుకొని ఉంటాయి. ఈ రెండూ వేరు జాతులనే విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య తగాదా లేదు. మన భాషలో ఒకే పేరు ఉన్నంత మాత్రాన జంతువు ఒకటే కాదన్నమాట.

మరి జాతిని ఎలా నిర్ణయిస్తారు? 1942లో ఎర్నెస్ట్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పిన నిర్వచనం ఎక్కువ ప్రచారంలో ఉంది. దాని సారాంశం ఇది: ప్రకృతిలో తమలో తాము జతకట్టి సంతానం కనగల జీవుల సమూహం ఒక జాతి. అది ఇతర సమూహాలతో అలా కలవదు. గుర్రం, గాడిద కలిస్తే కంచరగాడిద పుడుతుంది. కంచరగాడిదకు సాధారణంగా పిల్లలు పుట్టవు. కాబట్టి గుర్రం, గాడిద వేరు వేరు జాతులు.

ఒక జాతిలోనే ప్రాంతాన్ని బట్టి రంగులోనో, పరిమాణంలోనో స్థిరమైన తేడా ఉన్న సమూహాలను 'ఉపజాతులు' అంటారు. దగ్గరి సంబంధం ఉన్న కొన్ని జాతులను కలిపి 'ప్రజాతి' అంటారు. జంతువు శాస్త్రీయ నామంలో మొదటి మాట ప్రజాతిని, రెండవ మాట జాతిని తెలుపుతాయి.

మేయర్ నిర్వచనం చదవడానికి తేలిక. కొండముచ్చు దగ్గర మాత్రం రెండు చిక్కులు వస్తాయి.

(అ) దల్మా కొండముచ్చు, శేషాచలం కొండముచ్చు ఎన్నడూ కలుసుకోవు. వాటి మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉంది. కలుసుకోని జంతువులు జతకడతాయో లేదో ప్రకృతిలో పరీక్షించలేం.

(ఆ) జాతులు ఒక్కరోజులో విడిపోవు. విడిపోవడానికి వేల తరాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఉన్న సమూహాలను ఒకటనాలా, రెండనాలా అన్నది తేలదు.

రెండవ చిక్కును భాషతో పోల్చి చూడండి. శ్రీకాకుళం తెలుగు, చిత్తూరు తెలుగు వేరుగా వినిపిస్తాయి. అయినా ఒకరి మాట మరొకరికి అర్థమవుతుంది. అవి యాసలు. తెలుగు, గోండి ఒకే మూలం నుంచి వచ్చిన భాషలు. ఇవాళ ఒకరి మాట మరొకరికి అర్థం కాదు. అవి రెండు భాషలు. ఒకప్పుడు యాసలుగా ఉన్నవి ఏ రోజున భాషలయ్యాయి? అటువంటి రోజు ఏదీ లేదు. ఉపజాతి యాస వంటిది, జాతి భాష వంటిది. గీత ఎక్కడ గీయాలన్నదే వివాదం.

పాఠ్యగత ప్రశ్నలు 1

కింది ప్రశ్నలకు మీ నోటుపుస్తకంలో జవాబులు రాయండి. తర్వాత పాఠం చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.

(i) కొండముచ్చు ముదురు ఆకులను ఎలా జీర్ణం చేసుకోగలుగుతుంది?
(ii) గుర్రం, గాడిద వేరు వేరు జాతులని ఎలా చెప్పగలం?
(iii) దూరదూరంగా బతికే రెండు సమూహాలకు మేయర్ నిర్వచనాన్ని వర్తింపజేయడం ఎందుకు కష్టం?

5. ఒక పేరు నుంచి ఏడు పేర్ల దాకా

కొండముచ్చుకు మొదట శాస్త్రీయ నామం పెట్టినది 1797లో. బెంగాల్ నుంచి చేరిన నమూనాను చూసి డ్యుఫ్రేన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి 'ఎంటెల్లస్' అని పేరుపెట్టాడు. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఎంటెల్లస్ ఒక ముసలి ముష్టియోధుడు. 1822లో డెమారే అనే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ప్రజాతికి 'సెమ్నోపిథెకస్' అని పేరుపెట్టాడు. గ్రీకు మాటల ప్రకారం దీనికి 'పూజనీయ వానరం' అని అర్థం. మన ప్రజల భక్తి ఈ విధంగా శాస్త్రంలోకి కూడా ఎక్కింది.

తర్వాత దేశంలోని వేరు వేరు ప్రాంతాల నుంచి కొండముచ్చు చర్మాలు, పుర్రెలు మ్యూజియాలకు చేరాయి. రంగులో తేడా కనిపించిన ప్రతిసారీ కొత్త పేరు పుట్టింది. నేపాల్‌లో పనిచేసిన హాడ్జ్‌సన్ 1840లో హిమాలయాల కొండముచ్చుకు 'షిస్టేసియస్' అని పేరుపెట్టాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లిత్ 1841లో 'హైపోల్యూకోస్' అనే పేరును, 1844లో 'ప్రియామ్' అనే పేరును చేర్చాడు. 1928లో పోకాక్ 'అజాక్స్', 'హెక్టర్' అనే పేర్లు చేర్చాడు. ప్రియామ్, హెక్టర్, అజాక్స్ ముగ్గురూ గ్రీకుల ట్రాయ్ యుద్ధకథలోని వీరులు. మన రామాయణపు వానరసేనకు ఈ విధంగా గ్రీకు పేర్లు వచ్చాయి!

ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం శాస్త్రజ్ఞులు ఈ పేర్లన్నింటినీ ఒక గొడుగు కిందికి తెచ్చారు. కొండముచ్చు అంతా ఒకే జాతి అనీ, అందులో పదికి పైగా ఉపజాతులున్నాయనీ చెప్పారు. 2001లో కాలిన్ గ్రోవ్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్రైమేట్ల వర్గీకరణపై రాసిన గ్రంథంలో దీనిని మార్చాడు. అతని లెక్క ప్రకారం కొండముచ్చులు ఏడు జాతులు. అవి:

1. ఎంటెల్లస్: ఉత్తర, మధ్య భారత మైదానాలు, కొండలు. దల్మా కొండముచ్చు ఇదే.
2. ప్రియామ్: ఆగ్నేయ భారతం, శ్రీలంక. శేషాచలం కొండముచ్చు ఇదే.
3. హైపోల్యూకోస్: పడమటి కనుమలు.
4. దుస్సుమియరి: పడమటి, నైరుతి భారతం.
5. షిస్టేసియస్: హిమాలయాలు.
6. హెక్టర్: హిమాలయాల దిగువ అడవులు.
7. అజాక్స్: పశ్చిమ హిమాలయాలు.

అడవిలో జంతువు మారలేదు. కాగితంమీద మాత్రం ఒకటి ఏడయింది. ఎందుకు ఇంత తేడా? దీనికి ముఖ్యమైన కారణం పాత వర్గీకరణకు ఆధారమైన నమూనాలు. కొండముచ్చు రంగు వయసును బట్టి, రుతువును బట్టి మారుతుంది. మ్యూజియంలో పాతబడిన చర్మం రంగు వెలిసిపోతుంది. కొద్దిపాటి చర్మాలను చూసి ఒక ప్రాంతపు జంతువులన్నీ ఇలాగే ఉంటాయని చెప్పడం ప్రమాదం. ఒక శాస్త్రజ్ఞుడికి పెద్దగా కనిపించిన తేడా మరొకరికి చిన్నదిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

6. తోక చెప్పిన సాక్ష్యం

మ్యూజియం పెట్టెలోని చర్మం ఒక సంగతి చెప్పలేదు. జంతువు బతికి ఉన్నప్పుడు తోకను ఎలా పట్టుకొని నడిచేదో అది చెప్పలేదు. అది అడవిలోనే చూడాలి.

జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా సంచాలకులుగా పనిచేసిన ఎం.ఎల్. రూన్వాల్ ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించారు. దేశమంతటా కొండముచ్చులు తోక పట్టే తీరును నమోదుచేసి, వాటిని రెండు పెద్ద సమూహాలుగా విడదీశారు. ఉత్తరాది సమూహం తోకను తలవైపు వంచుతుంది. దక్షిణాది సమూహం వెనకవైపు వంచుతుంది. ఈ రెంటి మధ్య హద్దు సుమారుగా తపతి, గోదావరి నదుల వెంట సాగుతుందని ఆయన గుర్తించారు. తర్వాతి రచనలలో ఉత్తరాది కొండముచ్చు దక్షిణపు హద్దుగా గోదావరి, కృష్ణ నదుల ప్రాంతాన్ని చెబుతారు.

తెలుగువారికి ఇది ఆసక్తికరమైన విషయం. ఈ హద్దు మన నేలమీదుగానే పోతోంది. ఉత్తరాంధ్ర కొండలలోని కొండముచ్చు దల్మా కొండముచ్చుకు చుట్టం. కృష్ణకు దక్షిణాన చిత్తూరు, కడప అడవులలోని కొండముచ్చు తమిళనాడు, శ్రీలంకల కొండముచ్చుకు చుట్టం. దక్షిణాది కొండముచ్చు నడినెత్తిన వెంట్రుకలు కొప్పులాగ పైకి లేచి ఉంటాయి. ఉత్తరాది దానికి ఆ కొప్పు ఉండదు.

అయితే తోక ఒక్కటే చాలా? చాలదు. ఒక లక్షణాన్ని బట్టి జాతిని నిర్ణయించడం, ఒక మాట ఉచ్చారణను బట్టి భాషను నిర్ణయించడం వంటిది. తోక మంచి సూచన ఇస్తుంది. తీర్పు చెప్పడానికి ఇంకా సాక్ష్యాలు కావాలి.

7. వర్షారణ్యంలో మరో చిక్కు

ఇంతవరకు మనం చూసిన దల్మా, శేషాచలం అడవులు ఎండాకాలంలో ఆకులు రాల్చే అడవులు. ఇప్పుడు పడమటి కనుమలకు వెళదాం. అక్కడ నైరుతి రుతుపవనాల వల్ల భారీగా వానలు పడతాయి. ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఎత్తైన చెట్లతో వర్షారణ్యాలు ఏర్పడ్డాయి. గోవా నుంచి కర్ణాటక మీదుగా కేరళ ఉత్తరభాగం దాకా ఉన్న తడి అడవులలో ఒక కొండముచ్చు ఉంది. దాని ఒంటి రంగు ముదురు. చేతులు, పాదాలు నల్లగా ఉంటాయి. అందుకే దానిని నల్లపాదాల కొండముచ్చు అంటారు. బ్లిత్ 1841లో 'హైపోల్యూకోస్' అన్నది దీనినే.

దానికి దక్షిణంగా, అవే కనుమల అడవులలో నీలగిరి కొండముచ్చు ఉంది. దాని ఒళ్లు నల్లగా నిగనిగలాడుతుంది. తల మాత్రం గోధుమ, పసుపు కలిసిన రంగు. ఇది ప్రత్యేక జాతి అని అందరూ ఒప్పుకున్నారు.

నల్లపాదాల కొండముచ్చు సంగతి అలా కాదు. దాని రూపం నీలగిరి కొండముచ్చుకు, మామూలు బూడిదరంగు కొండముచ్చుకు మధ్యస్థంగా ఉంది. కాబట్టి అది ప్రత్యేక జాతి కాదనీ, ఆ రెండూ కలిసి ఏర్పడిన సంకరమనీ కొందరు భావించారు. వానలు ఎక్కువైన చోట జంతువుల రంగు ముదురుగా ఉండడం మామూలే కాబట్టి అది ఉపజాతి మాత్రమేనని మరికొందరు అన్నారు. గ్రోవ్స్ ప్రత్యేక జాతి అన్నాడు. ఒకే జంతువు ఈ విధంగా సంకరం, ఉపజాతి, జాతి అనే మూడు హోదాలు పొందింది. కంటితో చూసి ఈ తగువు తీర్చడం సాధ్యం కాలేదు.

8. జన్యువులు ఏమి చెప్పాయి?

ప్రతి జీవికణంలో డి.ఎన్.ఎ. అనే పదార్థం ఉంటుంది. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు దీని ద్వారా వస్తాయి. కణకేంద్రకంలోని డి.ఎన్.ఎ. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. కేంద్రకం బయట మైటోకాండ్రియా అనే భాగాలలో కూడా కొంచెం డి.ఎన్.ఎ. ఉంటుంది. ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది కదా! మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి వైపు నుంచి వచ్చే ఇంటిపేరు వంటిది. దాన్ని పట్టుకొని తల్లి వంశాన్ని వెనక్కు గుర్తించవచ్చు.

కొండముచ్చుల డి.ఎన్.ఎ.పై ముఖ్యమైన పరిశోధనలను 2008, 2010 సంవత్సరాలలో ప్రవీణ్ కారంత్, లాల్జీ సింగ్, కారో-బెత్ స్టీవర్ట్ మొదలైనవారు ప్రచురించారు. వీరిలో లాల్జీ సింగ్ అప్పట్లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి (సి.సి.ఎం.బి.) సంచాలకులుగా పనిచేశారు.

ఈ పరిశోధనలలో ఒక విశేషం బయటపడింది. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.తో వంశవృక్షం గీస్తే, కొండముచ్చులన్నీ ఒకే కొమ్మమీద లేవు. నీలగిరి కొండముచ్చు, శ్రీలంకలోని ఊదారంగు ముఖపు కొండముచ్చు వాటి మధ్యకు వచ్చాయి. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. రాముడు, సోముడు ఒకే ఇంటివారనీ, భీముడు పొరుగింటివాడనీ మనం అనుకున్నాం. వంశావళి తీసి చూస్తే సోముడికి రాముడి కంటే భీముడే దగ్గరి దాయాది అని తేలింది. అప్పుడు భీముణ్ణి పరాయివాడిగా ఉంచి, రామసోములను ఒకే కుటుంబంగా రాయడం ఎలా కుదురుతుంది? నీలగిరి కొండముచ్చు వేరు జాతి అయితే, మిగిలిన కొండముచ్చులను కూడా విడదీయక తప్పదు. అందువల్ల 2010లో ఈ పరిశోధకులు, కొండముచ్చును తాత్కాలికంగా మూడు జాతులుగా విడదీయాలని సూచించారు.

'తాత్కాలికంగా' అనే మాటను గమనించండి. కేంద్రకంలోని డి.ఎన్.ఎ. చూస్తే ఈ సమూహాల మధ్య కొన్ని పోలికలు ఉమ్మడిగా కనిపించాయి. రెండు సాక్ష్యాలు పూర్తిగా ఒకే మాట చెప్పనప్పుడు నిజాయితీ గల పరిశోధకుడు తలుపు కొంచెం తెరిచే ఉంచుతాడు.

2015లో ప్రవీణ్ కారంత్ బృందం దక్షిణ భారతంలోని కొండముచ్చులమీద మరో అధ్యయనం ప్రచురించింది. రూపంలోని తేడాలు, జన్యువులలోని తేడాలు ఇందులో ఒకదానితో ఒకటి సరిపోయాయి. దీని ప్రకారం దక్షిణాన ప్రియామ్, పడమటి కనుమలలో హైపోల్యూకోస్, ఉత్తరాన ఎంటెల్లస్ మూడూ వేరు వేరు జాతులు. దుస్సుమియరి అనే పేరు మాత్రం నిలవలేదు. ఆ పేరు కింద ఉన్న గుంపులను ఎంటెల్లస్, హైపోల్యూకోస్‌లలో చేర్చారు.

హిమాలయాలలో దీనికి విరుద్ధంగా జరిగింది. 2021లో వెలువడిన కునాల్ ఆరేకర్, ఎస్. సత్యకుమార్, ప్రవీణ్ కారంత్‌ల అధ్యయనం ప్రకారం షిస్టేసియస్, హెక్టర్, అజాక్స్ మూడూ ఒకే జాతి. దానికి పాత పేరైన 'షిస్టేసియస్' చెల్లుతుంది. అంటే అదే రకం పరిశోధన దక్షిణాన జాతులను విడదీసింది, ఉత్తరాన కలిపింది. జన్యుపరిశోధన ఎప్పుడూ జాతుల సంఖ్యను పెంచుతుందని అనుకోవడం పొరపాటు. అయినా అన్ని పుస్తకాలు, జాబితాలు ఒకే లెక్కను పాటించడం లేదు. మీరు రెండు పుస్తకాలలో రెండు సంఖ్యలు చూస్తే కంగారుపడకండి. ఏ సంవత్సరపు పుస్తకమో, ఏ ఆధారంతో లెక్కించారో చూడండి.

పాఠ్యగత ప్రశ్నలు 2

(i) ఉత్తరాది, దక్షిణాది కొండముచ్చుల మధ్య కంటికి కనిపించే రెండు తేడాలు రాయండి.
(ii) నల్లపాదాల కొండముచ్చును కొందరు సంకరమని ఎందుకు భావించారు?
(iii) మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను తల్లి వైపు ఇంటిపేరుతో ఎందుకు పోల్చాం?

9. ఈ వివాదంతో మనకేమి పని?

'ఒకటైతేనేం, ఏడైతేనేం, అడవిలో కోతి కోతే కదా!' అని ఎవరైనా అనవచ్చు. ఈ లెక్కమీద ఆ జంతువుల బతుకు ఆధారపడి ఉంది. ఎలాగో చూద్దాం.

మొదటిది, రక్షణ. కొండముచ్చు అంతా ఒకే జాతి అనుకుంటే, అది రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. 'దీనికేం ప్రమాదం లేదు' అని ఊరుకుంటాం. ఆ పెద్ద లెక్కలో చిన్న ప్రాంతంలోని ప్రత్యేక జాతి కరిగిపోతుంది. పడమటి కనుమల అడవి నరికితే నల్లపాదాల కొండముచ్చు దల్మాకు వలస వచ్చి బతకలేదు. అందుకు భిన్నమైన ఉదాహరణ అజాక్స్. ప్రత్యేక జాతిగా లెక్కించినప్పుడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దానిని అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. అది హిమాలయ జాతిలో భాగమే అయితే ఆ హోదా పోవచ్చు. చంబా లోయలో దానికున్న కష్టాలు మాత్రం పోవు. అందువల్ల కాపాడవలసింది పేరును మాత్రమే కాదు, ఆ చోట బతుకుతున్న గుంపును కూడా అని గుర్తుంచుకోవాలి. రక్షణ దొరుకుతుందని లేని జాతిని ఉన్నదని చెప్పకూడదు. ఖర్చు తగ్గుతుందని ఉన్న జాతిని లేదనీ చెప్పకూడదు.

రెండవది, జంతువులను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించడం. ఊరిమీద పడే కోతులను పట్టి దూరపు అడవిలో వదిలేయమని ప్రజలు అడుగుతుంటారు. ఒక ప్రాంతపు కొండముచ్చును మరో ప్రాంతంలో వదిలితే, వేల తరాలుగా విడివిడిగా ఉన్న సమూహాలు కలగాపులగమవుతాయి. బంగ్లాదేశ్ పశ్చిమభాగంలో ఉన్న కొండముచ్చులు ఒకప్పుడు హిందూ యాత్రికులు తెచ్చి వదిలినవాటి సంతతి అని చెబుతారు. మనిషి చేసిన ఒక చిన్న పని జంతువుల పటాన్నే మార్చగలదు.

మూడవది, చట్టం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కొండముచ్చును కాపాడుతుంది. దానిని పట్టడం, గొలుసు కట్టి ఆడించడం, అమ్మడం నేరం. ఢిల్లీలో కోతులను బెదిరించడానికి కొండముచ్చులను గొలుసుతో తిప్పే పద్ధతి ఉండేది. అది చట్టవిరుద్ధమని 2012లో కేంద్ర పర్యావరణ శాఖ స్పష్టం చేసింది. ఆ తర్వాత మనుషులే కొండముచ్చులాగ అరిచి కోతులను తరిమే పని చేపట్టారు. ఇందుకు 40 మందిని పెట్టుకున్నట్లు 2014లో అప్పటి కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రి ఎం.వెంకయ్యనాయుడు రాజ్యసభకు తెలిపారు.

10. చేసి చూడండి

ఈసారి దల్మాకు వెళ్లినా, స్వగ్రామానికి వెళ్లినా, తీర్థయాత్రకు వెళ్లినా కొండముచ్చు కనిపిస్తే దూరం నుంచే గమనించి, మీ నోటుపుస్తకంలో ఈ వివరాలు రాసుకోండి:

• తేదీ, ఊరు, దగ్గరి నది లేదా కొండ
• నడిచేటప్పుడు తోక ఎటు వంగింది: తలవైపా, వెనకవైపా?
• నెత్తిన కొప్పు ఉందా, లేదా?
• చేతుల, పాదాల రంగు
• గుంపులో సుమారు ఎన్ని ఉన్నాయి? నల్లని పిల్లలున్నాయా?
• ఏమి తింటున్నాయి?

కూర్చున్నప్పుడు తోక కిందికి వేలాడుతుంది. కాబట్టి నడిచేటప్పుడు చూసినదే రాయండి. ఒక్క జంతువును చూసి నిర్ణయించకండి, కనీసం నాలుగైదింటిని చూడండి.

జాగ్రత్త: కొండముచ్చులకు తిండి పెట్టకండి. ఆకులకు అలవాటుపడిన వాటి జీర్ణాశయానికి రొట్టెలు, మిఠాయిలు సరిపడవు. తిండికోసం అవి రోడ్డుమీదికి వచ్చి వాహనాల కింద పడతాయి. తల్లి దగ్గరున్న పిల్లను సమీపించకండి. కరిచినా, గీరినా గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

11. సారాంశం

• కొండముచ్చు ఆకులను జీర్ణం చేసుకోగల ప్రత్యేక జీర్ణాశయం ఉన్న క్షీరదం.
• తమలో తాము జతకట్టి సంతానం కనగల జీవుల సమూహాన్ని జాతి అంటారు. దూరదూరంగా ఉన్న సమూహాల విషయంలో ఈ పరీక్ష సాధ్యం కాదు.
• కొండముచ్చును 1797లో ఒక జాతిగా వర్ణించారు. 2001లో గ్రోవ్స్ ఏడు జాతులుగా లెక్కించాడు.
• తోక తీరును బట్టి ఉత్తరాది, దక్షిణాది సమూహాలు గుర్తించవచ్చు. వాటి హద్దు తెలుగునేల మీదుగా పోతుంది.
• పడమటి కనుమల వర్షారణ్యాలలోని నల్లపాదాల కొండముచ్చు హోదా చాలాకాలం వివాదంలో ఉంది. 2015 అధ్యయనం దానిని ప్రత్యేక జాతిగా సమర్థించింది. 2021 అధ్యయనం హిమాలయాలలోని మూడు పేర్లను ఒక జాతిగా కలిపింది.
• జాతుల లెక్క మారితే రక్షణకు సంబంధించిన నిర్ణయాలు మారతాయి. కాబట్టి ఆ లెక్క సరైన ఆధారాలమీద నిలవాలి.

12. పాఠాంత ప్రశ్నలు

1. 'భాష–యాస' పోలికతో జాతికి, ఉపజాతికి ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. మ్యూజియంలోని చర్మాలను బట్టి మాత్రమే జాతులను నిర్ణయించడంలో ఉన్న లోపాలేమిటి?
3. దక్షిణాన జాతులను విడదీసిన పరిశోధన హిమాలయాలలో జాతులను కలిపింది. దీని నుంచి మీరు గ్రహించినదేమిటి?
4. మీ పేటలో కోతుల బెడద ఉందనుకోండి. వాటిని పట్టి వేరే జిల్లా అడవిలో వదలాలని ఒకరు ప్రతిపాదించారు. ఈ పాఠంలోని విషయాల ఆధారంగా మీ అభిప్రాయం ఒక పేజీలో రాయండి.

13. పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

పాఠ్యగత ప్రశ్నలు 1: (i) దాని జీర్ణాశయంలోని గదులలో ఉండే సూక్ష్మజీవులు ఆకులను పులియబెట్టి పీచుపదార్థాన్ని విడగొడతాయి. (ii) వాటికి పుట్టిన కంచరగాడిదకు సాధారణంగా సంతానం కలగదు. (iii) అవి ప్రకృతిలో కలుసుకోవు కాబట్టి జతకడతాయో లేదో పరీక్షించలేం.

పాఠ్యగత ప్రశ్నలు 2: (i) ఉత్తరాది కొండముచ్చు తోకను తలవైపు, దక్షిణాది కొండముచ్చు వెనకవైపు వంచుతుంది. దక్షిణాది దానికి నెత్తిన కొప్పు ఉంటుంది, ఉత్తరాది దానికి ఉండదు. (ii) దాని రూపం నీలగిరి కొండముచ్చుకు, బూడిదరంగు కొండముచ్చుకు మధ్యస్థంగా ఉంది కాబట్టి. (iii) అది తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది కాబట్టి దాని ద్వారా తల్లి వంశాన్ని గుర్తించవచ్చు.